కెమేరా పెద్దదైతే చాలునా?
(రాబిగ్‌లో తెలుగు కుటుంబాల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఫొటోలను గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. మనం పని మీద వచ్చి ఈ రాబిగ్‌లో కలుసుకున్నాము గాని, మనలో కొందరి తాతలు మలయాకూ మారిషస్‌కూ ఎప్పుడో ఓడ ఎక్కినవారు. అలాంటి ఇళ్ళలో పాత తరానికి గుర్తుగా మిగిలింది తరచు ఒక్క గ్రూపు ఫొటోయే. అది స్టూడియోలో పెద్ద ప్లేటు మీద తీసినదైతే, భూతద్దం పెట్టి చూస్తే ముత్తవ్వ ముక్కుపుడక కూడా కనబడుతుంది. నిన్న ఫోనుతో తీసిన అమ్మగారి ముఖం పెద్దది చేసి చూడండి, మైనపు ముద్దలా ఉంటుంది. పిల్లలు మెగాపిక్సెళ్ళ లెక్క చెబుతారు. మేము అడిగేవి వేరే రెండు. కాంతి పడే చోటు ఎంత? ఆ కాంతిని తెచ్చే గాజు ఎలాంటిది?

మన సినిమాలతో చెబితే సులభం. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. ఛాయాగ్రాహకులు వి.ఎస్.ఆర్. స్వామి గారు. సినిమాస్కోపుకు ఫిలిము మామూలు 35 మిల్లీమీటర్లదే. లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిలిము మీద పెడుతుంది. హాలులో మరొక లెన్సు దాన్ని విప్పుతుంది. అంత వెడల్పు గాజు పుణ్యమే. 1975 నాటి 'షోలే' సంగతి వేరు. 35లో తీసి 70 మిల్లీమీటర్ల ఫిలిముకు పెంచారు. అలా పెంచితే తెర నిండుతుంది గాని, తీసేటప్పుడు లెన్సు పట్టని వివరం కొత్తగా రాదు.

ఇంటి కెమేరాలకు వద్దాము. 35 ఫిలిములో ఒక బొమ్మ 24 పెట్టు 36 మిల్లీమీటర్లు. పూర్వం పెళ్ళిళ్ళలో నడుము దగ్గర పట్టుకొని పైనుంచి చూసే రోలీఫ్లెక్సు, యాషికాలలో అది సుమారు 56 పెట్టు 56, అంటే మూడున్నర రెట్లకు పైగా స్థలం. నేటి డిజిటల్‌లో ఫుల్ ఫ్రేము అంటే ఆ పాత 24 పెట్టు 36 కొలతే. ఏపీఎస్-సి అందులో సగం కూడా లేదు. ఫోనులోనిది చిటికెన వేలి గోరంత. ఎనిమిది పెట్టు పది అంగుళాల పటం కట్టించాలంటే 35ను ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి, చదరపు ఫిలిమును నాలుగున్నర రెట్లు పెంచితే చాలు. లెన్సులోని లోపమూ అన్ని రెట్లే పెరుగుతుంది. కనుక చిన్న ఫార్మాటుకే ఎక్కువ మంచి గాజు కావాలి. మనవాళ్ళు దీనికి తలక్రిందులుగా చేస్తారు. జీతమంతా కెమేరా పెట్టెకు పోసి, దానితో వచ్చిన చౌక జూముతోనే పదేళ్ళు గడుపుతారు!

పాత ప్లేటు రహస్యమూ ఇదే. 1861లో ఈజిప్టు సైనిక ఇంజనీరు ముహమ్మద్ సాదిక్ ఈ ఎర్రసముద్ర తీరానే వజ్హ్ నుండి మదీనాకు వెళ్ళి, ఆ నగరానికి తొలి ఛాయాచిత్రాలు తీశాడు. ఆనాటి పద్ధతిలో గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి కడగాలి. ఈ ఎండలో ఎంత అవస్థో! ఆ తరువాత హైదరాబాదులో నిజాము కొలువు ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ గారు పనిచేసినదీ గాజు పలకల మీదే. పలక మీద కాగితం పరచి అచ్చు తీస్తే పలక ఎంతో పటమూ అంతే. పెంచడం లేదు గనుక లోపమూ పెరగదు.

ఇక రాబిగ్ వెలుతురు. ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క ఇసుక, ఎదుట తెల్లని థోబులు. పూత లేని గాజు ప్రతి ముఖమూ కాంతిలో సుమారు నూటికి నాలుగు వంతులు వెనక్కు కొడుతుంది. నాలుగు గాజుల టెస్సార్ లెన్సులో గాలి తగిలే ముఖాలు ఆరు. ఐదో వంతుకు పైగా కాంతి దారి తప్పుతుంది. అందులో కొంత లోపలే తిరిగి, నల్లని జడను బూడిద రంగు చేస్తుంది. 1935లో జైస్ సంస్థకు చెందిన స్మకులా కనుగొన్న పూత ఈ బాధ చాలా తగ్గించింది. అయినా లెన్సుకు గొట్టం తొడగండి. ఏసీ గదిలోనుంచి కెమేరాను నేరుగా ఈ తేమగాలిలోకి తీస్తే అద్దం చెమర్చుతుంది; సంచి మూతి బిగించి అరగంట బయట ఉంచి తీయండి. ఇసుకగాలిలో లెన్సు మార్చవద్దు. రిఫైనరీ వైపు, రేవు వైపు కెమేరా ఎత్తనే వద్దు.

ముఖం కోసం మేమిచ్చే సలహా చిన్నది. ఫుల్ ఫ్రేము అయితే 85, ఏపీఎస్-సి అయితే 50 మిల్లీమీటర్ల జూము లేని లెన్సు, పాతదైనా సరే. గ్రూపుకు వెనక్కు జరిగే చోటు లేకపోతే ఇంకా తక్కువది కావాలి. ఎఫ్ 8 దగ్గర పెడితే అంచులూ స్ఫుటంగా వస్తాయి. ఫోను తప్ప లేనివారు ముఖానికి నీడ చూసి, జూము ముట్టకుండా దగ్గరకు నడవండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

టీ అయిన తరువాత డెబ్బది దాటిన పెద్దలను ఈ హాలు ఉత్తరపు గోడ నీడన ఒక్కొక్కరినే కూర్చోబెట్టి తీయదలచాము. దయచేసి ఇంటిపేరు, తాతగారి ఊరు ఒక కాగితం మీద రాసి తెండి. పటం వెనుక రాస్తాము.