ఫైలు వేరు, పేరు వేరు: డెన్నిస్ రిచీ స్మారకోపన్యాసము



2011 అక్టోబరులో పరమపదించిన డెన్నిస్ రిచీ స్మృత్యర్థము ప్రసంగింపవలెనని మీరు కోరినపుడు, ఆయన సృష్టియైన సి భాషను గూర్చి చెప్పుదునని పలువురు తలచియుందురు. నేను మాత్రము ఆయనయు కెన్ థాంప్సనును బెల్ ప్రయోగశాలలో 1969 మొదలుకొని రూపొందించిన యునిక్సు అను ఆపరేటింగ్ సిస్టమునందలి వేరొక యోచనను చేపట్టితిని. 2022 ఏప్రిల్ 4వ తేదీన మన గూడూరు నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలోనికి వచ్చినపుడు ఊరిలో ఒక్క ఇటుకయైనను కదలలేదు, మారినది జాబితాయందలి స్థానమే. యునిక్సున డైరెక్టరీ యనునది అట్టి జాబితాయే. ఫైలు డిస్కుపై తన చోట తానుండును. పేరు దానిని చూపుచుండును. ఒకే ఫైలునకు రెండు పేర్లున్నచో రెండింటికిని సమానాధికారమే.

అయితే ఒకే ఫైలునకు మరియొక పేరు పెట్టు ఈ తొలినాటి లంకె ఒక ఫైలువ్యవస్థ నుండి మరియొకదానిలోనికి దాటజాలదు, డైరెక్టరీలకు పనికిరాదు. ఆ కొరతను తీర్చినది సింబాలిక్ లింకు. మల్టిక్సు అను మరియొక ఆపరేటింగ్ సిస్టము ఫైలువ్యవస్థను వర్ణించుచు 1965లో డేలీ, న్యూమన్‌లు ఇట్టి లంకెను ప్రతిపాదించియుండగా, 1983లో బర్క్లీనుండి వెలువడిన 4.2 బీఎస్‌డీతో అది యునిక్సునకు సంక్రమించినది. దానియందుండునది గమ్యపు చిరునామా మాత్రమే. గమ్యము నశించినను చిరునామా నిలిచియుండును.

ఇట్టి లంకెతో తీరిన చిక్కొకటి చెప్పెదను. లినక్సు పంపిణీతో రాని సాఫ్ట్‌వేరును మూలమునుండి నిర్మించి యూఎస్సార్ లోకల్ అను డైరెక్టరీలో నెలకొల్పుట చిరకాలాచారము. 'మేక్ ఇన్‌స్టాల్' అనిన వెంటనే ప్రోగ్రాములు అందలి బిన్‌లోనికిని, లైబ్రరీలు లిబ్‌లోనికిని, మాన్యువల్ పుటలు మ్యాన్‌లోనికిని చెదరిపోవును. ఏది దేనితో వచ్చెనో సాధారణముగా ఎక్కడను నమోదుండదు. నెలకొల్పుట సులభము, పెకలించుట దుష్కరము. కొన్నేండ్లు పలువురి చేతులు పడిన యూఎస్సార్ లోకల్‌ను శుభ్రపరచుమనిన, అనుభవజ్ఞులును జంకుదురు.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున దీనికై డిపో అను ఉపకరణము పుట్టినది గాని, అది తన లెక్కలను వేరు ఫైళ్లలో దాచుకొనుటచే, ఆ లెక్కలకును డిస్కునకును పొసగనపుడు డైరెక్టరీలకే చేటు వాటిల్లెడిది. దానివలన ప్రేరితుడై, బాబ్ గ్లిక్‌స్టైన్ 1993 ప్రాంతమున పెర్ల్ భాషలో వ్రాసిన స్టో ఆ లెక్కలనే విసర్జించినది. ప్రతి సాఫ్ట్‌వేరును యూఎస్సార్ లోకల్ లోపలి స్టో అను డైరెక్టరీలో తన పేరిటి ప్రత్యేక డైరెక్టరీయందు నిలుపుదురు. స్టో అచటి ఫైళ్లకు బయట లంకెలు కట్టును. వలదన్నపుడు తన లంకెలను మాత్రమే విప్పును. ఏది తనదో తెలిసికొనుటకు దానికి పుస్తకమక్కరలేదు, లంకె ఎటు చూపుచున్నదో చూచినచో చాలును. ఇట్టి నిరాడంబరమైన ఉపకరణములు మన విద్యలో అరుదని నా తలంపు.

ఇందొక మెలకువ గలదు. నిర్మించునపుడు ప్రిఫిక్స్‌గా, అనగా ప్రోగ్రాము తన నెలవుగా తలచు చోటుగా, యూఎస్సార్ లోకల్‌నే చెప్పి, నెలకొల్పునపుడు మాత్రము స్టో లోపలి డైరెక్టరీని చూపవలెను. ఏలయన, ప్రోగ్రాము నడచునపుడు తన ఫైళ్లకై లంకెలుండు చోటనే వెదకవలెను గాని స్టో గిడ్డంగిలో వెదకరాదు. ఒక డైరెక్టరీని ఒకే సాఫ్ట్‌వేరు వాడుచున్నంతకాలము స్టో దానికంతటికిని ఒక్క లంకెతో సరిపుచ్చును. రెండవది వచ్చినచో ఆ లంకెను విప్పి నిజమైన డైరెక్టరీని కల్పించి, ఇరువురి ఫైళ్లకును వేర్వేరు లంకెలు కట్టును. ఇద్దరును ఒకే పేరు కోరినచో మాత్రము మొరాయించును. ఇన్ఫో పత్రముల సూచికయైన 'డిర్' అను ఫైలును పలు సాఫ్ట్‌వేర్లు తెచ్చుటచే ఈ తగవు తరచుగా పుట్టును. దానిని చేతితో తొలగింపవలెను, లేదా విస్మరింపుమని స్టోకు చెప్పవలెను.

2009లో మాక్స్ హౌవెల్ ఆరంభించిన హోంబ్రూ అను ఉపకరణము మ్యాక్ యంత్రములపై ఈ పద్ధతినే అనుసరించినది. ఊట్రెక్టున ఈల్కో డోల్‌స్ట్రా 2006 నాటి సిద్ధాంతగ్రంథమున వివరించిన నిక్స్ మరింత ముందునకు పోయెను: అందు వినియోగదారునకు దక్కు సాఫ్ట్‌వేరంతయు ఒక్క లంకె చివర నుండును, నిన్నటి స్థితికి మరలగోరువాడు ఆ లంకెను నిన్నటి చిరునామావైపు త్రిప్పుకొనును.