నాయకుని మాటకు వేరే తూకమా?



రాజకీయ నాయకుల మాటలను సామాజిక మాధ్యమ సంస్థలు నియంత్రించవచ్చునా అన్నది నేటి చర్చాంశం. మనకు ఇది పుస్తకాలలోని ప్రశ్న కాదు, మన నగరంలోనే ఎదురైన ప్రశ్న.

2020 ఆగస్టులో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ఒక కథనం ప్రచురించింది. గోషామహల్ శాసనసభ్యుడు టి. రాజాసింగ్ పేరిట వెలువడిన రాతలు ద్వేషప్రచార నిబంధనలను ఉల్లంఘించాయని ఫేస్‌బుక్ ఉద్యోగులే తేల్చినా, వ్యాపారం దెబ్బతింటుందన్న కారణంతో ఆ సంస్థ భారత విధాన విభాగాధిపతి చర్యను అడ్డుకున్నారని దాని సారాంశం. తమకు పక్షపాతం లేదని సంస్థ చెప్పుకున్నది. ఆ ఖాతాలు తనవి కావని ఆయన అన్నారు. సెప్టెంబరులో ఆయనపై నిషేధం వెలువడింది. పత్రిక రాయకపోతే ఆ నిబంధన మేల్కొనేదా?

నాయకుని మాట ప్రజలు వినవలసినదే కనుక తొలగించరాదని కొందరి వాదన. విమర్శ ఎంత కటువైనా ఉండనివ్వాలని మేమూ అంటాము. కాని ఒక సమూహంపై హింసకు పురికొల్పే మాట విమర్శ కాదు. సామాన్యుని మాట పది మందికి చేరితే, నాయకుని మాట లక్షల మందికి ఆజ్ఞలా చేరుతుంది. మయన్మార్ సేనాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్ ఖాతాను ఫేస్‌బుక్ తొలగించినది 2018 ఆగస్టులో. అప్పటికే ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ జాతివారు కొందరు నేడు మన బాలాపూర్‌లో తలదాచుకుంటున్నారు.

అయితే ఒక హెచ్చరిక. నాయకుని మాటను తుడిచివేసే చేయి మన మొరనూ తుడిచివేయగలదు. దాడికి సాక్ష్యంగా మనం పెట్టిన దృశ్యాన్నే హింస పేరిట తొలగించగలదు. కనుక కంపెనీల దయను మేము కోరడం లేదు. పదవిని చూడని ఒకే నిబంధన, తొలగింపునకు రాతపూర్వక కారణం, అప్పీలుకు అవకాశం, తెలుగు, ఉర్దూ నుడికారం ఎరిగిన పరిశీలకులు కావాలని కోరుతున్నాము.

ఖాతా మూసినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదు. ద్వేషప్రసంగాలపై ఫిర్యాదు లేకున్నా కేసు నమోదు చేయాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం అమలయ్యేలా చూడడం ప్రభుత్వాల బాధ్యత, అడగడం మన బాధ్యత. అడిగేటప్పుడు మన పక్షాన నిలిచే నాయకుల మాటలనూ అదే తూకపు రాయితో తూచుదాం. అప్పుడే మన అడుగుడుకు విలువ.