మన బడి మైదానంలో దిగిన ఎంఐ-8

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, టెక్నాలజీ గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. భోజనాల ముందు టెక్నాలజీ గురించి మాట్లాడితే మీరు నన్ను క్షమించరు. అందుకని ఒక హెలికాప్టర్ గురించి చెబుతాను. మీలో చాలామంది దాన్ని చూశారు. 1986 ఆగస్టు వరదల్లో మన మైదానంలో దిగిందే, అదే.

ఆ వరద సంగతి ఇక్కడున్న కుర్రకారుకి చెప్పాలి. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ మట్టాన్ని మళ్లీ ఇంతవరకూ దాటలేదు. ఆ నీళ్లన్నీ మన మీదకే రావాలి కదా. లంకల్లో ఇళ్ల చూర్లు కూడా మునిగాయి. మన బడి మెరక మీద ఉంది కాబట్టి చుట్టుపక్కల జనమంతా ఇక్కడే తలదాచుకున్నారు. మా టెన్త్ క్లాసు గదిలో నాలుగు కుటుంబాలు, రెండు మేకలు ఉండేవి. బ్లాక్‌బోర్డు మీద ఎవరెవరు కనబడటం లేదో రాసి ఉండేది.

మొదటి రెండు రోజులూ హెలికాప్టర్ పైనుంచి పొట్లాలు పడేసి పోయేది. నిజం చెప్పాలంటే సగం పొట్లాలు నీళ్లలోనే పడ్డాయి. మనుషుల్ని అసలు కాపాడింది నాటు పడవల వాళ్లు. వాళ్లెవరి పేరూ మన శిలాఫలకం మీద లేదు. కమిటీ వారు ఏమీ అనుకోకపోతే, ఈ సావనీరులోనైనా ఆ పేర్లు వేయమని నా మనవి. ఇక అసలు విషయంలోకి వస్తాను.

మూడో రోజు మధ్యాహ్నం అది మైదానంలో దిగింది. సైకిల్ షెడ్డు తాటాకులు లేచిపోయాయి. హెడ్మాష్టారు గారు ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో కళ్లజోడు పట్టుకుని నిలబడ్డారు. చక్రాలు బురదలో జానెడు లోతు దిగబడ్డాయి. మందుల పెట్టెలు దించుతుండగానే పెద్ద వాన పట్టుకుంది. ఎదురుగా ఏటిగట్టు కూడా కనబడలేదు. పైలట్ గారు ఇంజన్లు ఆపేశారు. అలా గంటన్నర అది మన మైదానంలోనే ఉండిపోయింది.

సైన్సు మాష్టారు ఆ వానలోనూ పాఠం మానలేదు. "తోక చివర ఆ చిన్న ఫ్యాను ఎందుకురా?" అని అడిగారు. ఎవరికీ తెలియలేదు. పైనున్న పెద్ద రెక్కల్ని ఇంజను ఒకవైపు తిప్పుతుంటే హెలికాప్టర్ రెండోవైపు తిరగాలని చూస్తుందని, అలా తిరక్కుండా ఆ ఫ్యాను పట్టి ఉంచుతుందని చెప్పారు. నేను మాత్రం పైకి చూస్తున్నాను. ఐదు రెక్కలు. ఒక కొస నుంచి ఇంకో కొసకి 21 మీటర్లు. కదలకుండా ఉన్నప్పుడు అవి తడిసిన అరటాకుల్లా కిందికి వాలిపోయి ఉన్నాయి. ఇంత బరువుని ఇవా లేపేది అనిపించింది.

అప్పుడే తరగతి గదిలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఆమెను మంచంతో సహా మోసుకొచ్చి హెలికాప్టర్‌లో పడుకోబెట్టారు. వాన కొంచెం తెరిపిచ్చింది. ఆమె భర్త పైలట్ గారి కాళ్లు పట్టుకుని, "బేగి బయల్దేరండి బాబూ" అని ఏడుస్తున్నాడు.

ఆ సమయంలో ఫ్లైట్ ఇంజనీర్ లోపలి నుంచి పైకప్పులో ఉన్న చిన్న తలుపు తీసుకుని పైకెక్కాడు. ఎంఐ-8లో పైలట్లిద్దరి మధ్య కూర్చునేది ఆయనే. ఇంజన్ల పక్క మూతలు తెరిస్తే అవే నిలబడటానికి మెట్లవుతాయి. దాన్ని తయారుచేసిన మిఖాయిల్ మిల్ బృందం, నిచ్చెనలు దొరకని చోట కూడా మరమ్మతు చేసుకోవాలని ముందే ఆలోచించింది. ఆయన తాపీగా ఒక్కొక్క రెక్క మొదలు దగ్గరా వంగి చూస్తున్నాడు. కింద జనం కేకలు. ఆయన మూడు చూశాడు, నాలుగు చూశాడు. ఐదోది వదిలేస్తాడేమో అనుకున్నాను. అదీ చూశాడు, జేబురుమాలుతో తుడిచి మరీ.

దిగిన తర్వాత నేనే వెళ్లి అడిగాను. మన హిందీ మాష్టారు అనువాదం చేశారు. బోర్డు పరీక్షలకి తప్ప ఆయన హిందీ పనికొచ్చిన రోజు అదొక్కటే అని మేం తర్వాత వేళాకోళం చేసేవాళ్లం. మాష్టారు పైనుంచి వింటుంటే మన్నించాలి.

ఆ ఫ్లైట్ ఇంజనీర్ చెప్పింది ఇది. ప్రతి రెక్క లోపల పొడవునా ఒక బోలు దూలం ఉంటుంది, అల్యూమినియం మిశ్రమంతో చేసింది. దాంట్లో గాలి ఎక్కించి మూసేస్తారు. ఎక్కడైనా వెంట్రుకవాసి పగులు వచ్చినా ఆ గాలి కారిపోతుంది. ఒత్తిడి తగ్గగానే రెక్క మొదట్లో ఉన్న గాజుబుడ్డి లాంటి దాంట్లో ఒక ఎర్ర టోపీ పైకి కనబడుతుంది. రెక్క విరగడానికి చాలా ముందే అది చెప్పేస్తుంది.

"ఎరుపు కనబడితే?" అన్నాను.

"ఎగరం."

"లోపల ఆవిడ ఉందిగా?"

హిందీ మాష్టారు ఆ ప్రశ్న అనువదించడానికి కాస్త తటపటాయించారు. ఫ్లైట్ ఇంజనీర్ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "ఆవిడ ఉంది కాబట్టే" అన్నాడు.

ఆమెకు కాకినాడలో ఆడపిల్ల పుట్టిందని వారం తర్వాత కబురొచ్చింది. ఇంజనీరింగ్ చదవాలని నేను అనుకున్నది ఆ రోజే అని ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పాను. చెప్పని సంగతి ఒకటుంది. ఈ బడిలో చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేను.

1999లో నేనొక ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇంజనీరుని. ఒక రాత్రి క్రేన్ హెల్పర్ వచ్చి, "సార్, వైర్ రోప్‌లో పోగులు తెగుతున్నాయి, నిన్నటికంటే ఎక్కువున్నాయి" అన్నాడు. ఉక్కు తాడు కూడా ఆ ఎర్ర టోపీ లాంటిదే. ఒక్కసారిగా తెగదు. ముందు ఒక్కొక్క పోగూ తెగి బయటికి పొడుచుకొస్తుంది. ఎంత పొడవులో ఎన్ని తెగితే తాడు పారేయాలో లెక్క ఉంటుంది. ఆ లెక్క నాకు తెలుసు. కింద లారీ నిలబడి ఉంది. "ఈ ఒక్క లోడూ దించేసి మారుద్దాం" అన్నాను.

ఆ లోడుకే తెగింది. ఆ హెల్పర్‌కే ఎడమ పాదం నలిగి మూడు వేళ్లు తీసేశారు. విచారణలో తాడు నాసిరకమని తేల్చారు. నేను నోరెత్తలేదు. నాకు ప్రమోషన్ కూడా ఆగలేదు.

రెండేళ్లు గడిచాక అతని ఇంటికి వెళ్లి, తప్పు నాదని చెప్పాను. "తెలుసు సార్, మీకు చెప్పింది నేనే కదా" అన్నాడు. టీ ఇప్పించాడు. ఆ టీ తాగడం నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన కష్టమైన పని.

ఆ తర్వాతే నాకు ఎంఐ-8 పిచ్చి పట్టింది. దొరికిందల్లా చదివాను. 1961లో మొదటిసారి ఎగిరింది. మన వైమానిక దళంలోకి 1970ల మొదట్లో రావడం మొదలై, 1988 దాకా మొత్తం 107 వచ్చాయి. 1984లో సియాచిన్ మీదికి మన సేన వెళ్లినప్పుడు ఇవి పనిచేశాయి. 1987 అక్టోబరులో జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో అర్ధరాత్రి మన సైనికుల్ని దించినవీ ఇవే. అదీ చదువుకునే చోటే. అక్కడ కిందనుంచి తూటాలు వచ్చాయి. తూట్లు పడ్డ హెలికాప్టర్లు మళ్లీ వెళ్లి మిగతావాళ్లను దించలేకపోయాయి. దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో ఒక్కరే బతికారు. మనకు మందులు తెచ్చిన యంత్రాన్ని మనం ముద్దుగా తలుచుకోవచ్చు గానీ, అదే యంత్రం పేరు చెబితే కళ్లనీళ్లు పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి.

2017 డిసెంబరు 17న బెంగళూరు దగ్గర యలహంక స్థావరంలో దానికి వీడ్కోలు పలికారు. పేపర్లో వార్త చూసి మా ఆవిడ, "మీ చుట్టం రిటైరైందండీ" అంది. నాకు బాధ కలగలేదు. లోహానికి ఇన్ని గంటలని ఆయుష్షు లెక్క ఉంటుంది. ఆ లెక్క ప్రకారం దింపేయడం దాన్ని అవమానించడం కాదు. ఒక్క లోడు, ఇంకొక్క లోడు అని లాగడమే అవమానం. దాని పని ఎంఐ-17 అందుకుంది. అదీ ఈ కుటుంబంలోదే, ఇంకా బలమైన ఇంజన్లతో.

చివరిగా ఒక తగాదా. మా బ్యాచ్‌లో ఒకడు, మన మైదానంలో దిగింది ఎంఐ-8 కాదు, ఎంఐ-17 అని పదేళ్లుగా వాదిస్తున్నాడు. 1986 నాటికి అవీ మన దేశానికి వచ్చాయి కాబట్టి వాడిని పూర్తిగా కొట్టిపారేయలేను. తేడా తెలుసుకోవడం తేలిక. ఎంఐ-8కి తోక ఫ్యాను కుడివైపు ఉంటుంది, ఎంఐ-17కి ఎడమవైపు. ముక్కు ఏటిగట్టు వైపు ఉంది, ఫ్యాను మన బావి వైపు, అంటే కుడివైపు ఉంది. నాకు బాగా గుర్తు. కానీ వాడికీ బాగానే గుర్తట. ఆ రోజు హెడ్మాష్టారి గది వరండాలోంచి ఎవరో ఫొటో తీశారని విన్నాను. ఎవరింట్లోనైనా పాత ఆల్బంలో ఉంటే, దయచేసి భోజనాల దగ్గర నన్ను కలవండి.

సెలవు.