మెట్టసీమలో పడవ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంటి ముంగిట పడవ కట్టడమంటే అది గోదావరి తీరవాసుల ముచ్చట అనిపించడం సహజం. చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని చిక్కబళ్లాపురం సీమలోనే పుట్టినా, వానలు కురిసిన నాళ్లలో తప్ప నిండుగా పారవు. బాగేపల్లి, చింతామణి పల్లెలకు నీరంటే చెరువే. అయినా నీటి లెక్క తెలిసిన మహనీయుడు ఈ మెట్టసీమలోనే జన్మించాడు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట ఆ నగర రక్షణకు పథకం రూపొందించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిది ముద్దేనహళ్లి.

పడవకు పెద్ద కార్ఖానా అక్కరలేదని తుంగభద్రా తీరవాసులు ఏనాడో నిరూపించారు. తెలుగువారి పుట్టి, కన్నడిగుల హరిగోలు ఒక్కటే. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది రేవులో తోలు కప్పిన బుట్టల వంటి గుండ్రని పడవలను వర్ణించాడు. వెదురు బద్దల అల్లిక నేటికీ నిలిచింది. తోలు స్థానంలో ప్లాస్టిక్ పట్టా, తారుపూత వచ్చాయి.

ఇతర దేశాలలో ఈ పని ప్లైవుడ్‌తో సాగింది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం 'ఆప్టిమిస్ట్' అనే చిన్న తెరచాప పడవను రూపొందించాడు. 1963లో ఇంగ్లండులో వెలువడిన 'మిర్రర్' పడవది మరింత సులభమైన పద్ధతి. పలకల అంచులకు రంధ్రాలు చేసి, రాగితీగతో బట్ట కుట్టినట్లు కుట్టి, అతుకులను గాజునార పట్టీతోనూ రెజిన్‌తోనూ మూసివేయడమే. ఔత్సాహికులు తమ ఇళ్లలోనే అటువంటివి వేలకొలది కట్టుకున్నారు.

వీటన్నిటికీ ఆధారం తరగతి గదిలో చెప్పే ఆర్కిమెడిస్ సూత్రమే. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల పెట్టె వంటి పడవ పది సెంటీమీటర్లు మునిగితే 200 లీటర్ల నీటిని తొలగిస్తుంది. అనగా 200 కిలోల బరువును మోస్తుంది. పడవ బరువు 40 కిలోలు, ఇద్దరు మనుషుల బరువు 120 కిలోలు అయితే, అది ఎనిమిది సెంటీమీటర్లే మునుగుతుంది. ఇదే పడవ నమూనాను పదో వంతు కొలతలతో అట్టతో చేసి, మైనం పూసి, నీళ్ల తొట్టిలో వదలండి. ఒక సెంటీమీటరు మునిగేసరికి అది మోసే బరువు, తన బరువుతో కలిపి, 200 గ్రాములే! కొలత పదో వంతయితే మోసే బరువు వెయ్యో వంతవుతుంది. పుస్తకంలో పదిసార్లు చదివినా అంటని ఘనపరిమాణ పాఠం ఆ తొట్టి దగ్గర ఒక్కసారికే మనసుకెక్కుతుంది.

అయితే తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఏళ్ల తరబడి ఎండిన చెరువు ఒక్క వానకు నిండుతుంది. ఒడ్డున ఆడుకునే పిల్లవాడికి ఈత రాదు. మెట్టసీమకు అసలు ప్రమాదం అదే. కనుక పడవ కంటే ముందు ఈత నేర్పించండి. పడవకు ముందు వెనుకల గాలి చొరని మూసిన అరలు అమర్చితే, నీరు నిండినా అది తేలుతుంది. ఎక్కిన ప్రతివారికీ తేలుడు కోటు ఉండాలి. ఒడ్డున ఈత వచ్చిన పెద్దలు ఉండాలి. ఈ నియమాలు పాటించలేని నాడు నమూనా తొట్టిలోనే తేలాలి.

మాతృభాషలో నేర్చిన సూత్రం చేతిపనిగా మారి, బరువు మోసి, ప్రాణం కాపాడినప్పుడే ఆ చదువు సార్థకం. అట్టి చదువు ఈ పాఠశాలలో తరతరాలు వర్ధిల్లుగాక.