మొటిమలు – మనసు



మనం ఇంట్లో మొటిమ అంటాం, బజారులో మొడవె అంటాం. ఏ భాషలో అన్నా "వయసు వచ్చిందిలే" అని నవ్వి ఊరుకుంటాం. చాలామందికి అది నవ్వి ఊరుకునే సంగతే. కొందరికి మాత్రం కాదు. ఈ రోజు ఆ కొందరి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పదో తరగతిలో నా దగ్గర ఒక అమ్మాయి చదివింది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల మెల్లగా వెనుక బెంచీకి చేరింది. పరీక్ష దరఖాస్తుకు ఫోటో తెమ్మంటే రోజుకో సాకు చెప్పేది. "ముఖం శుభ్రంగా కడుక్కోమ్మా, అవే తగ్గుతాయి" అన్నాను, తరగతి అందరి ఎదుటా. ఆ తర్వాత వారం రోజులు బడికి రాలేదు. అప్పటికే రోజుకు ఆరుసార్లు సబ్బుతో ముఖం రుద్దుకుంటోందని వాళ్లమ్మ చెప్పాక గాని నా తప్పు నాకు తెలియలేదు.

మొటిమలు మురికి వల్ల రావు. యుక్తవయసులో హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును తయారుచేస్తాయి. చర్మరంధ్రాలు మూసుకుపోయి, లోపల సూక్ష్మజీవులు పెరిగి, వాపు వస్తుంది. ఆ వాపు లోతుకు దిగితే నొప్పి పెట్టే గట్టి గడ్డలు, చీముతిత్తులు ఏర్పడతాయి. ఛాతీ మీద, వీపు మీద కూడా రావచ్చు. మానిన తర్వాత గుంటలు, మచ్చలు మిగులుతాయి. గిల్లినా, గట్టిగా రుద్దినా ఇంకా రేగుతాయి.

మనసుకు తగిలే దెబ్బ పైకి కనిపించదు. పెళ్లికీ పేరంటానికీ రాననడం, తల వంచుకుని మాట్లాడడం, నిద్ర పట్టకపోవడం దానికి గుర్తులు. పిల్లల నోట "బతకాలని లేదు" అన్న మాట వినబడితే ఆలస్యం చేయకండి, ఆ రోజే సాయం కోరండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడవచ్చు.

ఇక వైద్యం సంగతి. ఎవరో చెప్పారని క్రీములు కొని పూయకండి. స్టెరాయిడ్ కలిసిన క్రీము మొదట తగ్గించినట్టే ఉండి, తర్వాత మొటిమలను పెంచుతుంది. గడ్డలు కనిపించగానే చర్మవైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మాత్రలు ఇస్తారు. వీటిని గర్భిణులు వాడితే బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు. అందుచేత డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఎవరూ వాడరాదు. వాడుతున్నప్పుడు దిగులు పెరిగినట్టు అనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఏ మందు అయినా నెలల తరబడి వాడితేనే గుణం కనిపిస్తుంది. ఓపిక పట్టాలి.

డబ్బు ఖర్చు లేని మందు ఒకటి మన దగ్గరే ఉంది. చుట్టాలు వచ్చి "అయ్యో, ముఖమేమిటే ఇలా అయింది?" అంటే చప్పున మాట మార్చండి. చదువు గురించి అడగండి, ఆటల గురించి అడగండి.

నేను ఆ అమ్మాయిని విడిగా పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. రెండు రోజుల తర్వాత ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టింది.