సింగలీలా కొండలపై ఏడు దినములు

(సంఘపు సభలో గావించిన ఉపన్యాస పాఠము)



వసంతకాలమున మిత్రులమందరము కలసి కొండలలో సాగించిన కాలినడక యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము అయిదుగురము. అందరము ఈ బరంపురమున పుట్టి పెరిగిన తెలుగువారమే. మాలో ఒకరు బడి మేష్టారు. ఒకరు మందుల దుకాణము నడుపువారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి. తక్కిన ఇద్దరము కచేరీ పనివారము. పర్వతారోహణము నేర్చినవారు మాలో ఒక్కరును లేరు. కనుక మేము చెప్పబోవునది వీరగాథ కాదు. గుంపుగా కొండ ఎక్కువారు ఎవరి అడుగును బట్టి తమ అడుగు వేయవలెనన్న ప్రశ్న మాకు దారిలో ఎదురైనది. ఆ ప్రశ్నను, దానికి మాకు దొరకిన సమాధానమును మీ ముందుంచుటయే మా ఉద్దేశము.

పశ్చిమ బెంగాలులోని దార్జిలింగు జిల్లాకును, నేపాల దేశమునకును నడుమ సరిహద్దుగా నిలచిన కొండల వరుసకు సింగలీలా అని పేరు. దానిపైనున్న సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాలునందు అంతకు మించిన ఎత్తుగల స్థలము లేదు. ఆ ఎత్తెంతటిదో మనకు తెలిసిన కొండలతో కొలచి చూతము. మన పొరుగుననున్న మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఒడిశాలోకెల్ల ఉన్నతమైన దేవమాలి 1,672 మీటర్లు. ఈ రెండింటిని ఒకదానిపై నొకటి నిలిపినను సందక్‌ఫూ కంటె నాలుగువందల అరువది మీటర్లు తక్కువయే యగును.

ఆకాశము నిర్మలముగ నుండి దూరపు మంచుకొండలు చక్కగా కనబడవలెననినచో శరదృతువే మేలని తెలిసినవారు చెప్పుదురు. వసంతమున మధ్యాహ్నము దాటగానే పొగమంచు కమ్ముకొనును. అయినను మేము ఉగాది వెళ్లిన పిదప ఏప్రిల్ మాసమునే ఎంచుకొంటిమి. అందుకు కారణము పూలు. ఆ కాలమున సింగలీలా అడవులలో రోడోడెండ్రాన్ చెట్లు విరగబూయును. నేపాలీలు ఆ ఎఱ్ఱని పూవును లాలీగురాస్ అందురు. అది నేపాల దేశపు జాతీయ పుష్పము. తమిళనాట నున్న మన బంధువులు దీని దాయాదిని నీలగిరులలో చూచియే యుందురు.

సామాను విషయము ముందుగా చెప్పవలెను. ఏలయన కొండదారిని ప్రతి వస్తువు బరువును తనది కాక మన వీపుదే యగును. తన బరువులో అయిదవ వంతుకు మించిన మూటను ఎవరును మోయరాదని నియమము పెట్టుకొంటిమి. రెండు జతల బట్టలు, ఉన్ని చొక్కా, వానకోటు, మూడు జతల మేజోళ్లు, టార్చిలైటు, నీళ్ల సీసా, మందులు. అన్నిటిని ప్లాస్టిక్కు సంచులలో చుట్టి పెట్టితిమి. రాత్రి బసకు దారి పొడుగునను ఇండ్లు, సత్రములు కలవు గనుక గుడారముల బరువు తప్పినది. మా ఆడవారు వేయించిన అటుకులు, బెల్లపు ఉండలు, వెల్లుల్లి కారము, పులిహోర పులుసు కట్టి యిచ్చిరి. ఆ పులిహోర పులుసు చేసిన మేలు ఇంతింత గాదు. చలిలో నోరు చవి చచ్చినపుడు వేడి అన్నములో ఒక చెంచాడు కలుపుకొన్నచో ఇంటికి పోయి వచ్చినట్లే యుండెను.

హౌరా మీదుగ రైలులో న్యూ జల్పాయిగురి చేరి, అచ్చటినుండి జీపులో మానేభంజాంగ్ అను గ్రామమునకు పోయితిమి. అక్కడ గుర్తింపు పత్రములు చూపి, ప్రవేశపు రుసుము చెల్లించి, దారి చూపువానిని వెంట తీసికొనవలెను. ఈ అడవి 1992లో జాతీయోద్యానమైనది. వానకాలమున జూన్ నడుమనుండి సెప్టెంబరు నడుమవరకు దీనిని మూసి యుంచుదురు.

మాకు తోడు వచ్చిన యువకుడు ఆ గ్రామపువాడే. మమ్ము ‘దాయీ’ అని పిలిచెను. వారి భాషలో అన్నా అని అర్థము. చిత్రే ఎక్కుడు మొదలైన అరగంటలోనే మాలో ఇద్దరు వగర్చుచుండగా అతడు నవ్వి ‘బిస్తారై, దాయీ, బిస్తారై’ అనెను. మెల్లగా, మెల్లగా అని దాని భావము. ఆ ఏడు దినములలో అతడు అన్నిటికంటె ఎక్కువగ పలికిన మాట అదియే. అతడు ఎన్నడును ముందు నడువలేదు. మాలో అందరికంటె వెనుకబడినవాని ప్రక్కనే నడచుచుండెను.

మొదటి రాత్రి తుమ్లింగ్‌లో బస. దారి ఒకసారి భారతదేశమున, ఒకసారి నేపాలమున సాగును. ఆ ఊరు నేపాలమున నున్నది. పొయ్యి చుట్టు కూర్చుండి అన్నము, పప్పు, గుంద్రుక్ అను పులియబెట్టి ఎండబెట్టిన ఆకుల పులుసు తింటిమి. గోంగూరకు అలవాటుపడిన నాలుకకు ఆ పులుపు పరాయిదిగ తోచలేదు. మీరు మాటలాడు భాష యేదని ఆ యింటి యిల్లాలు అడిగెను. తెలుగని చెప్పి, మేముండునది ఒడిశాయని కూడ చెప్పగా ఆమెకు అది వింతగ తోచలేదు. వారును అటువంటివారే గదా! బెంగాలు రాష్ట్రమున నున్న దార్జిలింగు కొండలవారికి ఇంటి భాష నేపాలీ. ఆ కొండ ప్రాంతములలో 1961లోనే దానికి అధికార భాషగ గుర్తింపు లభించినది. 1992లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. ఇంటిలో ఒక మాట, బజారులో ఒక మాట, బడిలో ఇంకొక మాట పలుకుచు పెరిగిన పిల్లల సంగతి ఆమెకును మాకును సమానముగ తెలియును. ఆ రాత్రి చాలసేపు ఆ ముచ్చటే సాగినది.

రెండవ దినమున గైరీబాస్ వరకు దిగి, అచ్చటినుండి మరల ఎక్కి, సాయంకాలమునకు కాళీపోఖరి చేరితిమి. నల్లని నీరుగల చిన్న కొలను అది. చుట్టును బౌద్ధుల ప్రార్థనా పతాకములు గాలికి కొట్టుకొనుచుండును. ఎత్తు మూడువేల మీటర్లు దాటినది. అచ్చటనే మా పరీక్ష మొదలైనది.

మా బ్యాంకు మిత్రుడు అందరిలోను దృఢకాయుడు. ప్రతి దినము తెల్లవారుజామున గోపాలపురపు ఇసుకలో పరుగెత్తువాడు. దారిలో ఇతరుల మూటలు కూడ అందుకొన్నవాడు. ఆ రాత్రి అతనికి తల పగిలిపోవు నొప్పి పుట్టినది. అన్నము సయింపలేదు, రెండుమార్లు వాంతియైనది, కన్ను మూతపడలేదు. ఎత్తుపై గాలి పలుచనగును. దానికి దేహము అలవాటుపడక మునుపే పైకి పోయినవారికి ఈ జబ్బు కలుగును. ఇది బలవంతుడు, బలహీనుడు అను భేదమును పాటింపదు. ముదిరినచో ఊపిరితిత్తులలోనో, మెదడునందో నీరు చేరి ప్రాణమునకే మోసము వచ్చును. మందుల దుకాణపు మిత్రుడు రోగిని లేపి, మడమకు బొటనవ్రేలు ఆనించుచు తిన్నని గీతపై నడువుమనెను. అడుగు తడబడినచో ప్రమాదము ముంచుకొని వచ్చినట్లు గుర్తు. తడబడలేదు. కొంత ధైర్యము కలిగినది. అయినను తెల్లవారిన పిదపయు నొప్పి తగ్గలేదు.

అప్పుడు సమాలోచనము జరిగినది. సందక్‌ఫూ అచ్చటికి ఆరు కిలోమీటర్లు మాత్రమే. ఆకాశము తేటగ నున్నది. మాలో ఒకరు, ‘ఎంత సెలవు పెట్టి, ఎంత ఖర్చు పెట్టి వచ్చాం? వాణ్ణి గైడుతో ఇక్కడ ఉంచి, మనం రేపటికి తిరిగి వచ్చేద్దాం’ అనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. రోగియు దానినే బలపరచెను. ‘నా ఒక్కడికోసం మీరందరూ ఆగిపోవడమేమిటి? వెళ్లి రండి. తలనొప్పి మాత్ర వేసుకుని పడుకుంటాను’ అనెను. మాత్ర నొప్పిని కప్పిపెట్టునే గాని జబ్బును ఆపదనియు, దిగుటయే దీనికి మందనియు దుకాణపు మిత్రుడు చెప్పెను. మేష్టారు అంతవరకు మాటలాడలేదు. మూట కట్టుకొనుచు, ‘అయిదుగురం బయలుదేరాం. రేపు ఇంటికి వెళ్లాక వీళ్ల అమ్మగారు మావాడేడని అడిగితే, కొండ చాలా బాగుందండీ అని చెప్పమంటారా?’ అనిరి. ఆ మాటతో చర్చ ముగిసినది. అందరము గైరీబాస్‌కు దిగితిమి.

అయిదారువందల మీటర్లు దిగునప్పటికే రోగి ముఖమున తేట వచ్చినది. సాయంకాలమునకు ఆకలి యనెను. మరునాడంతయు అచ్చటనే విశ్రమించితిమి. చెప్పవలసిన విశేషమేమనగా, ఏ పూలకొఱకు మేము అంత దూరము పోయితిమో ఆ పూలను కన్నులార చూచినది ఆ దినముననే. నడచునపుడు మనిషి తన కాళ్ల క్రిందనే చూచుకొనును. ఆనాడు పనిలేక చెట్ల క్రింద తిరిగితిమి. నాచు పట్టిన వంకర కొమ్మలు, వాటి చివరల నెఱ్ఱని గుత్తులు, పైయెత్తున లేత గులాబివన్నెవి, తెల్లనివి. ఆకు లేని కొమ్మలపై తామరలవలె విప్పారిన మాగ్నోలియా పూలు. ఈ అడవిలో ఎఱ్ఱపాండా అను అరుదైన జంతువు కలదు. అది మాత్రము మాకు దర్శనమీయలేదు.

అయిదవ దినమున బిస్తారైగ కాళీపోఖరి మరల చేరి, రాత్రి గడపి, రోగికి నొప్పి లేదని నిశ్చయించుకొన్న పిదపనే ఆరవ దినమున పైకి కదలితిమి. దారిలోని బిఖేభంజాంగ్ అను పేరునకు విషపు లోయ యని అర్థము. అచ్చట పెరుగు నాభి మొక్కల విషమునుబట్టి ఆ పేరు వచ్చినది. అది దాటిన పిదప ఎక్కుడు నిట్టనిలువుగ నుండును. వంద అడుగులు వేసి నిలుచుట, ఊపిరి తీసికొనుట, మరల వంద అడుగులు. ముందు బ్యాంకు మిత్రుడు, అతని వెనుక మేమందరము. అతని అడుగే మా అందరి అడుగు.

సందక్‌ఫూపై గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండు వంతుల కంటె కొంచెము తక్కువ. నీరు సుమారు 88 డిగ్రీలకే మరగును. అందుచేత కుక్కరు లేనిదే పప్పు ఉడకదు. ఏడవ దినమున, చీకటి యుండగనే కంబళ్లు కప్పుకొని వెలుపల నిలచితిమి. తూర్పు తెల్లబారుచుండగ ఉత్తరమున కాంచన్‌జంగా శిఖరము మొదట కాషాయవర్ణమై, పిదప బంగారమై, చివరకు వెండియైనది. వాయవ్యమున దూరముగ మకాలు, లోత్సే, ఎవరెస్టు. ప్రపంచమందలి అత్యున్నత శిఖరములు అయిదింటిలో నాలుగు అచ్చటినుండి కనబడును. ఒక గంటకంతయు మబ్బు కప్పివేసినది. ఆ ఒక్క గంట మాకు చాలినది.

ఆ కాంచన్‌జంగా ఎత్తు 8,586 మీటర్లు. 1852 వరకు ప్రపంచములో అదియే మిక్కిలి యెత్తైనదని తలచెడివారు. 1955 మే 25వ తేదీన జో బ్రౌన్, జార్జి బాండ్ అను ఆంగ్లేయులు మొదటిసారి దాని కొనను సమీపించి, కొన్ని అడుగుల దూరములో నిలచిపోయిరి. సిక్కిం ప్రజలకు ఆ శిఖరము దైవస్థానము. దానిపై పాదము మోపబోమని మాట యిచ్చి వెళ్లినవారు ఆ మాట నిలుపుకొనిరి. వారి తరువాత వచ్చిన పెక్కుమంది ఆ మర్యాదనే పాటించిరి. ఆ శిఖరమును ఎదుట చూచుచు ఈ సంగతి తలచుకొన్నపుడు, ఫాలుట్ వరకు పోవలెనన్న మా మొదటి సంకల్పమును వదలుకొనుట మాకు కష్టముగ తోచలేదు. అచ్చటికి ఇంకను 21 కిలోమీటర్లు. రెండు దినములు కొండ దిగుటలో, విశ్రాంతిలో గడచినవి గనుక మాకు వ్యవధి లేదు. గుర్దుం మీదుగ శ్రీఖోలా నదీతీరమునకు దిగి, రింబిక్ దారిన తిరుగుముఖము పట్టితిమి.

యువతీయువకులకు మా మనవి. మూడువేల మీటర్లు దాటిన పిదప పడుక చోటును ఒక దినమునకు అయిదువందల మీటర్లకు మించి పెంచకుడు. తలనొప్పి, వాంతి కలిగినచో దాచకుడు. తగ్గువరకు పైకి పోకుడు. ముదిరినచో అర్ధరాత్రియైనను దిగుడు. ప్రయాణమున రెండు దినములు ఖాళీగ ఉంచుకొనుడు. బయలుదేరు నాటి రాత్రియే, అందరిలోను నెమ్మదిగ నడచువాని నడకయే మనందరి నడకయని ఒప్పుకొనుడు. కొండమీద అలసిన వేళ ఆ ఒప్పందము కుదురుట కష్టము.

రాబోవు శీతకాలమున మహేంద్రగిరికి నడక యాత్ర చేయవలెనని మా తలంపు. భీముడు, కుంతి, యుధిష్ఠిరుల పేర వెలసిన ప్రాచీనాలయములను మన పిల్లలు పాదచారులై చూడవలెను. రాదలచినవారు సంఘ కార్యాలయమున పేర్లు వ్రాయించగలరు. మా బ్యాంకు మిత్రుని పేరు ఇప్పటికే మొదట వ్రాయబడి యున్నది. ముందు నడచువాడు ఆతడే.