వెంటిలేటర్ మీదున్న పసిబిడ్డకి మార్ఫిన్: నొప్పి నిజమే, మరి మందు?

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనది. నెలలు నిండకుండా పుట్టి, ఎన్‌ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న బిడ్డకి నొప్పి తగ్గడానికి మార్ఫిన్ ఇవ్వొచ్చా?

1980ల దాకా చాలామంది డాక్టర్లు పసిపిల్లలకి నొప్పి సరిగా తెలియదనే అనుకునేవారు. నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు జరిగేవి. ఇండోర్‌లో మెడిసిన్ చదివిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని పరీక్షించారు. ఆపరేషన్ జరిగే పిల్లల్లో కొందరికి ఫెంటానిల్ అనే ఓపియాయిడ్ ఇచ్చారు. వాళ్ల ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు తక్కువగా పెరిగాయి, తర్వాత ఇబ్బందులూ తగ్గాయి. 1987లో ఈ స్టడీ వచ్చాక డాక్టర్ల ఆలోచన మారడం మొదలైంది.

తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. గొట్టం ఉంటే బాధే కదా, వెంటిలేటర్ మీదున్న అందరికీ మార్ఫిన్ డ్రిప్ పెట్టేస్తే సరిపోదా? మన భాషలో చెప్పాలంటే డిఫాల్ట్‌గా ఆన్ చేసేయడం. దీన్నీ ఆనంద్ టీమే టెస్ట్ చేసింది. ట్రయల్ పేరు నియోపెయిన్. 23 నుంచి 32 వారాలకే పుట్టిన 898 మంది పిల్లలు. కొందరికి మార్ఫిన్, కొందరికి మందు లేని డ్రిప్. 2004లో రిజల్ట్ వచ్చింది. మరణాలు గానీ, మెదడులో తీవ్రమైన రక్తస్రావం గానీ మార్ఫిన్ వల్ల తగ్గలేదు. పైగా బీపీ పడిపోవడం ఎక్కువైంది.

ఎందుకలా? ఇంత చిన్న బిడ్డ లివర్, కిడ్నీలు ఇంకా పూర్తిగా ఎదగవు. మందు ఒంట్లోంచి త్వరగా పోదు. మార్ఫిన్ ఊపిరి తీసుకునే ప్రయత్నాన్ని తగ్గిస్తుంది, కాబట్టి గొట్టం తీయడం ఆలస్యం కావచ్చు. పేగుల కదలిక మందగిస్తుంది, పాలు పట్టడం ఆలస్యం కావచ్చు. రోజుల తరబడి ఇచ్చి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఆగని ఏడుపు వస్తాయి.

అలాగని మార్ఫిన్ ఇచ్చారంటే తప్పు చేశారని కాదు. ఆపరేషన్ అయితే గట్టి మందు కావాల్సిందే. తేడా ఎక్కడంటే, అందరికీ ఒకే డ్రిప్పా, లేక ఈ బిడ్డ నొప్పిని చూసి ఇచ్చే డోసా?

మీ అక్క బిడ్డో, ఫ్రెండ్ బిడ్డో ఎన్‌ఐసీయూలో ఉంటే డాక్టర్‌ని భయపడకుండా అడగండి. నొప్పిని ఏ స్కోరుతో కొలుస్తున్నారు? ఈ మందు దేనికి, ఎన్నాళ్లు? ఎలా తగ్గిస్తారు? సూది గుచ్చేటప్పుడు తల్లిపాల చుక్కలు నాలుక మీద వేయొచ్చా? అమ్మ గుండెల మీద పడుకోబెట్టే కంగారూ కేర్ ఎప్పుడు మొదలెట్టొచ్చు?

మందు ఆపమని మాత్రం మీరు పట్టుబట్టకండి, ఆ నిర్ణయం డాక్టర్‌దే. ఈ వీడియో అవసరమైనవాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం.